కామాక్షక్క చేయించిన వసంత ధ్యానం

బోగోలు మండలంలో, సముద్రానికి మూడు కిలోమీటర్ల ఇవతల ఉన్న ఆ ఊరికి కామాక్షి పదమూడేళ్లుగా ఆశా కార్యకర్త. నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి ఆడపిల్లల వెంటబడి మాత్రలు మింగించడం, బస్సులో పక్కన కూర్చుని కావలి ఆసుపత్రికి తీసుకుపోవడం, నొప్పులొచ్చిన రోజు కాన్పు గది గుమ్మం బయట నిలబడటం ఆమె పని. ఊళ్లో బడికి పోయే పిల్లల్లో సగం మందిని వాళ్ల నాయనమ్మల కంటే ముందు చేతుల్లోకి తీసుకున్నది ఆమే. మాట మంచిది. సూదికి భయపడి మంచం కింద దూరిన పిల్లను కూడా మాటల్లో పెట్టి బయటికి రప్పించగలదు. ఆమె భర్త పెంచలకృష్ణ మూడెకరాలు కౌలుకు తీసుకుని జిలకర మసూరి వరి పండిస్తాడు. ఇంట్లో మాట్లాడే పని మొత్తం ఆమెకే వదిలేసినానని అతను నలుగురిలో నవ్వుతూ చెప్పేవాడు.

కిందటి నవంబరు నుంచి ఆ ఇంట్లో మాట తగ్గిపోయింది.

తుపాను పట్టిన మూడో రోజది. క్రైస్తవుల వీధి చివర ఉండే అబిగయీలుకు తొమ్మిదో నెల నడుస్తోంది. మొదటి కాన్పు. భర్త కిషోర్ బాబు కృష్ణపట్నం పోర్టులో పనిచేస్తాడు, ఆ వారం అక్కడే చిక్కుకుపోయాడు. పొద్దున ఎనిమిది గంటలకు అత్త సమాధానమ్మ ఫోను చేసి, కోడలికి నడుము నొప్పిగా ఉందని చెప్పింది. కామాక్షి వానలోనే పోయింది. కడుపు మీద చెయ్యి వేసి చూసింది. నొప్పి వస్తోంది, పోతోంది, మళ్లీ ఎంతసేపటికో వస్తోంది. "ఇవి ఉత్త నొప్పులు. ఇంకా వారం పైన టైముండాది. ఈ వానలో కదలబాకండి" అని చెప్పింది. అంతకు ముందు ఆ మాటే ఎంతోమందికి చెప్పింది. ఎన్నడూ తప్పలేదు.

పదకొండు గంటలకు ఉమ్మనీరు పోయింది. అప్పటికే వాగు పొంగి, కావలి దారిలోని చప్టా మీదికెక్కింది. నూట ఎనిమిది బండి వచ్చి అవతలి గట్టున నిలబడిపోయింది. చివరికి ట్రాక్టరు ట్రక్కులో పరుపు వేసి, పైన పట్ట కప్పి, నలుగురు మగవాళ్లు రెండు పక్కలా పట్టుకుని నీళ్లలోంచి దాటించారు. కామాక్షి లోపల అబిగయీలు చెయ్యి పట్టుకుని కూర్చుంది. కావలి చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆడపిల్ల. ఏడవలేదు.

కామాక్షిని ఎవరూ ఏమీ అనలేదు. పేగు మెడకు చుట్టుకుందని, ముందు వచ్చినా బతికేదో లేదో చెప్పలేమని డాక్టరమ్మ అంది. ఆ మాటల్లో 'చెప్పలేం' అన్నదొక్కటే కామాక్షి చెవిలో ఉండిపోయింది. ఎనిమిది గంటలకే బయలుదేరి ఉంటే చప్టా మీద నీళ్లు లేవు. ఆ లెక్క ఆమెకు డాక్టరు చెప్పనవసరం లేదు.

అబిగయీలు ఇంటికొచ్చాక బాలింతను చూడడానికి వెళ్లాల్సింది కామాక్షే. వెళ్లలేదు. ఊళ్లో రెండో ఆశా సాయిలక్ష్మికి, ఆ వీధి నువ్వు చూసుకో, బదులుగా నీ వీధి ఒకటి నేను చూస్తానని చెప్పింది. సాయిలక్ష్మి ఎందుకని అడగలేదు. అప్పటి నుంచి కామాక్షి పని చేస్తూనే ఉంది, కాని మాత్రలు చేతిలో పెట్టి వచ్చేస్తోంది. కూర్చుని మాట్లాడటం మానేసింది. కళ్లు మూసుకుంటే చాలు, ట్రక్కు చక్రాల మధ్య నుంచి తోసుకుపోయే ఎర్రటి నీళ్లు కనిపించేవి. పగలు కాసేపు నడుం వాల్చడానికి కూడా భయపడేది.

ఫిబ్రవరి నడిమికి చలి పోయింది. ఊరి చుట్టూ చేలు పచ్చదనం వదిలి పసుపులోకి తిరుగుతున్నాయి. అప్పుడు విలేజ్ క్లినిక్‌లో పనిచేసే నవోమి మేడం ఒక కబురు తెచ్చింది. నెల్లూరు టౌను పిల్ల, ఇరవయ్యారేళ్లు, ఈ ఊరికొచ్చి ఏడాది. పైనుంచి ఆర్డరు వచ్చిందట: ఉగాది దాకా ప్రతి బుధవారం, శనివారం సాయంత్రం ఆడవాళ్లను కూర్చోబెట్టి ధ్యానం చేయించాలి. దానికి ఒక ఆడియో కూడా పంపారు. వసంతాన్ని లోపలికి ఆహ్వానించడం అని దాని పేరు. మనుషులను పోగుచేసే పని ఆశాలది.

మొదటి బుధవారం క్లినిక్ గదిలోకి పదకొండు మంది వచ్చారు. నవోమి ఫోనును స్పీకరుకు తగిలించింది. వెనకాల పిల్లనగ్రోవి, ముందు ఒక మగగొంతు. మీరిప్పుడు ఒక పర్వత లోయలో ఉన్నారు, శీతాకాలపు మంచు మెల్లగా కరుగుతోంది, మీ హృదయంలో గడ్డకట్టినదంతా కరుగుతోంది అని ఆ గొంతు చెప్పింది. ముందు వరసలో కూర్చున్న ఆదిశేషమ్మ, ఆమెకు డెబ్బై దాటాయి, కళ్లు మూసుకునే, మంచు ఎట్టుంటదో ఎవరన్నా చూసినారా అని అడిగింది. ఐసు ఫ్యాక్టరీలో చూసినానని ఒకామె చెప్పింది. రొయ్యల పెట్టెల మీద పోసేదేగా అని ఇంకొకామె అంది. ఇక ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు. నవోమి కూడా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. కామాక్షి ఒక్కతే నవ్వలేదు.

అందరూ పోయాక నవోమి ఆమె పక్కన కూర్చుంది. "అక్కా, వీళ్లకు మీ మాట పడుతుంది. అదే సంగతి మీరు చెప్పండి. మంచూ లోయా ఏమీ వద్దు, వీళ్లు చూసిందే చెప్పండి" అని అడిగింది. నా వల్ల కాదు మేడం అని కామాక్షి రెండుసార్లు చెప్పింది. నవోమి మూడోసారి అడగలేదు, శనివారం స్పీకరు తీసుకురాకుండా వచ్చి ఊరుకుంది. తొమ్మిది మంది ఆడవాళ్లు గోడకానుకుని కూర్చుని కామాక్షి ముఖం చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పక తప్పలేదు.

"కళ్లు మూసుకోండి. ఎవరూ చూడరు, నేను వాకిలి కాడనే ఉండా. ఊపిరి లోపలికి తీసుకోండి. నిదానంగా. పోయే బస్సేం లేదు. ఇప్పుడు మీరు పొద్దన్నే కాలవ గట్టు మింద నడస్తా ఉండారు. కాళ్లకు చెప్పుల్లేవు. మట్టి సల్లగా ఉండాది. పక్కన కంకి వొంగి ఉండాది, చేత్తో ఒకసారి తాకండి. అట్టే పోయి యాపచెట్టు కింద నిలబడండి. పూత రాలతా ఉండాది. మీ మింద పడనీండి, దులుపుకోబాకండి."

ఎవరూ నవ్వలేదు. ఆదిశేషమ్మ భుజాలు కిందికి దిగాయి. పొద్దుటి నుంచి చేలో కలుపు తీసి వచ్చిన ఒకామె చేతులు ఒళ్లో రెండు పక్కలా విడిపోయి పడ్డాయి. కామాక్షి చెబుతూ పోయింది. తన గొంతు తనకే వినిపించింది. మూడు నెలలుగా ఆ గొంతు ఎక్కడుందో ఆమెకు తెలియదు. అయితే గదిలో కళ్లు తెరుచుకుని ఉన్నది ఆమె ఒక్కతే. ఊపిరి తీసుకోమని అందరికీ చెబుతూ తను తలుపు చెక్క గట్టిగా పట్టుకుని నిలబడింది.

మార్చి మొదటి వారానికి ఇరవై మంది దాటారు. వచ్చినవాళ్లు రాని వాళ్లకు చెప్పారు. మోకాళ్ల నొప్పి తగ్గిందని ఒకరు, కోడలి మీద కోపం తగ్గిందని ఒకరు. ఇందులో దేవుళ్ల పేర్లేమన్నా వస్తాయా అని క్రైస్తవుల వీధి వాళ్లు మొదట సందేహపడ్డారు. ఊపిరి, చెట్లు, చేలు తప్ప ఏమీ లేవని నవోమి చెప్పాక వాళ్లూ రాసాగారు. కోతలు దగ్గరపడుతున్నాయి, కానుగ చెట్లు ఎండుటాకు రాల్చి మెరిసే లేతాకు వేసుకున్నాయి. కామాక్షి ప్రతిసారీ కొత్తగా ఏదో ఒకటి చెప్పేది. ఒకరోజు మామిడి పిందె, ఒకరోజు ఎండ తగిలిన సముద్రపు ఇసుక.

ఆ నెల రెండో బుధవారం ధ్యానం మొదలయ్యాక తలుపు కదిలింది. అబిగయీలు లోపలికి వచ్చి చివరి వరసలో కూర్చుంది. బాగా చిక్కిపోయింది. కామాక్షి మాట మధ్యలోనే ఆగిపోయింది. ఏమైందోనని నవోమి కళ్లు తెరిచి చూసింది. కామాక్షి తేరుకుని, ఎటు చూడాలో తెలియక గోడ మీది క్యాలెండరు చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు మల్లెపూలు చెప్పాలని ముందే అనుకుంది. మల్లె కాలం మొదలైంది, వచ్చిన వాళ్లలో చాలామంది తలల్లో పూలున్నాయి, గదంతా ఆ వాసనే.

"సాయంకాలం మల్లెపందిరి కింద కూర్చోనుండారు. మొగ్గలు ఇప్పుడే విచ్చుకుంటా ఉండాయి. ఆ వాసన లోపలికి తీసుకోండి. గుండెల నిండా తీసుకోండి" అని చెప్పింది.

వెనక వరసలో చాప చప్పుడైంది. అబిగయీలు లేచి, గోడ పట్టుకుని, ఎవరినీ చూడకుండా బయటికి నడిచింది. చెప్పులు కూడా వేసుకోకుండా చేతిలో పట్టుకుని పోయింది.

ఆ రోజూ మరుసటి రోజూ కామాక్షికి అన్నం సహించలేదు. నన్ను చూసి ఓర్చుకోలేకే అబిగయీలు లేచి వెళ్లింది అనుకుంది. ఇక ధ్యానం చేయించనని నవోమికి ఫోను చేసి చెబుదామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపింది. పెంచలకృష్ణ చేలో నీళ్లు తీసేసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆమె జరిగింది చెప్పింది. నవంబరు తర్వాత ఇంట్లో అబిగయీలు పేరు ఆమె ఎత్తడం అదే మొదటిసారి. అతను కాళ్లు తుడుచుకుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. తర్వాత, "ఎందుకు పోయిందో నువ్వే అనుకుంటా ఉండావు. ఆ బిడ్డను అడిగితివా?" అన్నాడు.

శుక్రవారం పొద్దున ఆమె ఆ వీధిలోకి నడిచింది. మూడు నెలల పైన పట్టింది ఆ నూరడుగులు వేయడానికి. వాకిట్లో సమాధానమ్మ చేపలు తోముతోంది. కామాక్షిని చూసి, రామ్మా అని కూడా అనలేదు, వద్దని కూడా అనలేదు. లోపలికి చూసి కోడలిని పిలిచింది. అబిగయీలు వచ్చి అరుగు మీద కూర్చుంది. కామాక్షి నిలబడే ఉంది.

ఆ పొద్దు నేను ఉత్త నొప్పులని చెప్పకుండా ఉంటే అని కామాక్షి మొదలుపెట్టింది. అంతకాలం లోపల వల్లించుకున్న మాటలు కాబట్టి వరసగా వచ్చాయి. అబిగయీలు మధ్యలోనే ఆపింది.

"అది నాకు తెల్దా అక్కా? ఉత్త నొప్పులనే నేనూ అనుకున్నా. మా అత్తా అనుకునింది. దానికి నిన్నేమన్నా అంటినా నేను?" ఆమె వాకిట్లో ఉన్న అత్త వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఇంటికొచ్చిన మూడో రోజు పాలు పడినాయి. తాగేదానికి బిడ్డ లేదు. రొమ్ములు రాయి మాదిరి గడ్డకట్టి, జొరమొచ్చింది. నువ్వొస్తావని చూసినా. అందరింటికీ పోతావు గదా, మా ఇంటికీ వస్తావని చూసినా. సాయిలక్ష్మక్క వచ్చి మాత్ర ఇచ్చి పోయింది. నువ్వు రాలా."

రొమ్ములకు మల్లెపూలు కట్టుకుంటే పాలు ఆగుతాయని ఎవరో చెబితే, కాలం కాని కాలంలో సమాధానమ్మ కావలి పోయి, పూల అంగళ్లన్నీ తిరిగి రెండు మూరలు సంపాదించుకొచ్చిందట. మూడు రోజులు ఆ పూలు కట్టుకుని పడుకుందట అబిగయీలు. పాలు ఆగిపోయాయి. ఇప్పుడు ఏ ఆడమనిషి తలలో మల్లెలున్నా ఆ మూడు రోజులు వచ్చి మీద పడతాయని, ఈ కాలమంతా ఎట్లా గడుస్తుందో తెలియడం లేదని చెప్పింది. బుధవారం మధ్యలో లేచి వెళ్లింది అందుకే.

కామాక్షి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. తను చేసిన తప్పు ఒకటని మూడు నెలలుగా మోస్తూ వచ్చింది. అసలు తప్పు వేరే చోట ఉంది. అది తప్పించుకోగలిగిన తప్పు. ఏ తుపానూ అడ్డం రాలేదు, ఏ వాగూ పొంగలేదు. నూరడుగులు నడిచి ఉంటే సరిపోయేది. బాలింత జ్వరం ఎలా దించాలో, బిగుతుగా గుడ్డ ఎలా చుట్టుకోవాలో, ఎప్పుడు ఆసుపత్రికి పోవాలో ఆమెకు తెలిసినంతగా ఊళ్లో ఎవరికీ తెలియదు.

"భయపడి రాలేదమ్మా. నీ మొకం చూడలేక రాలా. అది తప్పే" అంది. 

అబిగయీలు ఏడ్చింది. సమాధానమ్మ చేపల చేతులతోనే వచ్చి గడప దగ్గర నిలబడింది. కామాక్షి ఊరుకోమనలేదు. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. కొంతసేపటికి అబిగయీలు కొంగుతో ముఖం తుడుచుకుని, నీకు నిద్ర పడతా ఉండాదా అక్కా అని అడిగింది. లేదని, కళ్లు మూసుకుంటే వాగు నీళ్లు కనపడతాయని, ధ్యానం చేయిస్తూ కూడా తను కళ్లు మూయలేదని కామాక్షి చెప్పింది. అందరినీ మూసుకోమని నువ్వు తెరుచుకుని ఉండావా అని అబిగయీలు ఆశ్చర్యపోయింది.

"ఇప్పుడు మూసుకో. నేను చెప్తా."

"నువ్వేం చెప్తావు?"

"ఏమో. ఈడ ఉండేదే చెప్తా."

కామాక్షి గోడకానుకుని కళ్లు మూసుకుంది. నీళ్లు వచ్చాయి. ఎర్రగా, నురగతో, చక్రాల కింద నుంచి. లేచి పోదామనిపించింది. అబిగయీలు గొంతు పక్క నుంచి మెల్లగా వినిపిస్తోంది. ఎదురింటి మేక తాడు తెంపుకుని కానుగ కొమ్మ అందుకుంటోంది. కొమ్మ వంగింది. కొత్తాకు, ఎండ పడి మెరుస్తోంది. మా అత్త వెనక్కి పోయి చేపలు మళ్లీ తోముతోంది. పిల్లి వచ్చింది. అత్త దానికి ఒక తల వేసింది. దానికి చాల్లేదు. పాస్టరుగారి గోడకు సున్నం కొడుతున్నారు, సగం అయింది. చెబుతూ చెబుతూ ఆమె ఊపిరి తీసుకో అని కూడా చెప్పింది, కామాక్షి ఎలా చెబుతుందో అచ్చం అలాగే, పోయే బస్సేం లేదని కూడా కలిపి. కామాక్షి కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోలేదు. వాగు పూర్తిగా పోలేదు. కాని దాని పక్కన మేక, కొమ్మ, సగం సున్నం కొట్టిన గోడ వచ్చి నిలబడ్డాయి. అంత చోటు అక్కడ ఉందని ఆమెకు అంతవరకు తెలియదు.

ఎంతసేపయిందో, కళ్లు తెరిచేసరికి సమాధానమ్మ ఒక గ్లాసు టీ తెచ్చి పక్కన పెట్టి ఉంది.

మరుసటి రోజు ధ్యానంలో కామాక్షి పద్ధతి మార్చింది. పూలూ చెట్లూ తను ఏరి ఇవ్వడం మానేసింది. ఈ కాలంలో అందరికీ అన్నీ బాగుండవని, ఒకరికి ఇష్టమైన వాసన ఇంకొకరికి కష్టం కావచ్చని ముందే చెప్పింది. ఎవరికి ఏది హాయిగా ఉంటుందో దాన్నే వాళ్లు చూసుకోవాలి. ఏదీ కనపడకపోతే ఊరికే ఊపిరి చూసుకుంటే చాలు. ఏడుపు వస్తే ఏడవొచ్చు. "లేసి పోవాలనిపిస్తే లేసి పోండి, ఎవరూ ఏమీ అనుకోరు. మళ్లీ రండి" అంది. ఆ రోజు ముగ్గురు ఏడ్చారు. అందులో ఆదిశేషమ్మ ఒకతి. నలభై ఏళ్ల కిందట పోయిన చెల్లెలు కనపడిందని చెప్పింది. అంతకాలం ఆ చెల్లెలి సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు.

అబిగయీలు తర్వాతి బుధవారం వచ్చింది. ఎవరు చెప్పారో, ఎవరికి వాళ్లే అనుకున్నారో తెలియదు, ఆ సాయంత్రం గదిలో ఒక్కరి తలలోనూ మల్లెపూలు లేవు. చేమంతులు పెట్టుకుని వచ్చారు, లేకపోతే ఏమీ పెట్టుకోకుండా వచ్చారు. ఆ సంగతి ఎవరూ పైకి అనలేదు. అబిగయీలు చుట్టూ ఒకసారి చూసి చాప పరుచుకుని కూర్చుంది.

కామాక్షి క్రైస్తవుల వీధిని సాయిలక్ష్మి దగ్గర నుంచి మళ్లీ తనే తీసుకుంది. ఇళ్ల ముందు కూర్చుని మాట్లాడటం మళ్లీ మొదలైంది. ఒక మార్పు మాత్రం వచ్చింది. నొప్పి నిజమైనదా ఉత్తదా అని తను చూసి చెప్పే అలవాటు మానుకుంది. ఏ నొప్పి వచ్చినా బయలుదేరమంటుంది. వానల కాలంలో నెలలు నిండేవాళ్లను వారం ముందే కావలిలో చుట్టాల ఇళ్లకు చేర్చాలని నవోమితో కలిసి ఒక పట్టీ రాసి క్లినిక్ గోడకు అంటించింది. అప్పుడే నెల తప్పినవాళ్ల పేర్లు కూడా అందులో ఉన్నాయి.

ఉగాది నాటికి పెంచలకృష్ణ చేలో కోత మిషను దిగింది. తుపానుకు మునిగిన మడి కొంత పోయింది, మిగిలింది బాగానే పండింది. ఆర్డరు ప్రకారం ధ్యానం ఆ వారంతో అయిపోవాలి. పైకి పంపే రిపోర్టులో వచ్చినవాళ్ల సంఖ్య రాసి, ఫలితం అన్న గడి దగ్గర ఏం రాయాలో తెలియక నవోమి కలం పట్టుకుని కూర్చుంది. బాగుందని రాయండి మేడం అని కామాక్షి చెప్పింది. కార్యక్రమం ముగిసిందని ఎవరూ వాళ్లకు చెప్పలేదు కాబట్టి ఆడవాళ్లు తర్వాతి బుధవారం కూడా వచ్చారు. ఎండలు ముదిరాక సాయంత్రం మాని పొద్దున్నే కూర్చోసాగారు.

ఏప్రిల్‌లో అబిగయీలు సముద్రపు ఒడ్డున రొయ్య పిల్లలు పెంచే హేచరీలో పనికి కుదిరింది. కిషోర్ బాబు వద్దన్నా వినలేదు. అక్కడ ముప్పై మంది ఆడవాళ్లు పనిచేస్తారు, చాలామంది వేరే ఊళ్ల నుంచి వచ్చి షెడ్లలోనే ఉంటారు. వాళ్లలో ఒకామె పడుకోలేకపోతోందని, ఇంకొకామె ఊరికే అరుస్తోందని ఆమె కామాక్షికి చెప్పేది. తనకు చేతనైనంత తనే చేయిస్తోందట, కాని మధ్యలో నవ్వు వస్తోందట. ఒక ఆదివారం నువ్వొచ్చి చెప్పక్కా అని అడిగింది.

కామాక్షి షేరాటోలో పోయింది. హేచరీ ఆవరణలో నేలంతా తడి, కూర్చోవడానికి చాపలు లేవు. పని దిగిన ఆడవాళ్లు రబ్బరు బూట్లు విప్పి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ, ఈమె ఎవరో, ఎంతసేపు పడుతుందో అన్నట్టు చూశారు. పది నిమిషాలు చాలునని ఆమె చెప్పింది. అబిగయీలు ప్లాస్టిక్ టబ్బులు ఒకదాని తర్వాత ఒకటి బోర్లించి వరసగా వేసింది. ఆడవాళ్లు వాటి మీద సర్దుకుని కూర్చున్నారు. పక్కనే సముద్రం హోరు వినపడుతోంది. కామాక్షి ఒక టబ్బు లాక్కుని వాళ్లకెదురుగా కూర్చుని, ముందు మీ పేర్లు చెప్పండమ్మా అంది.